చిక్కుడు పాదుపై పేనుబంక

రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నమును సూర్యభగవానునికి నివేదించుట మన తెలుగిండ్లలో తరతరములుగా వచ్చుచున్న వాడుక. అందుకై తెల్లవారుజామున పాదు కడకు పోయిన యిల్లాలు తఱచుగా చాచిన చేయి వెనుకకు తీసికొనును. లేత తీగల కొనలన్నియు మసి పులిమినట్లు నల్లగా నుండును. ఆకు ముట్టినచో వ్రేళ్లకు బంక అంటుకొనును. పూగుత్తులను కఱచుకొని, ఆవగింజకన్నను చిన్నవగు నల్లని పురుగులు వందలకొలదిగా నుండును. వాని నడుమ చీమలు బారులు తీర్చి పైకిని క్రిందికిని తిరుగుచుండును. నిన్న మొన్నటి దాక నిగనిగలాడిన పాదు వారము దినములలో నిట్లయినదేమని ఆమె విస్తుపోవును.

దీనికే పేనుబంక అని పేరు. ఈ పేరు పెట్టిన రైతెవ్వరో కాని గట్టి పరిశీలకుడు. తలలోని పేనువలె మొక్కను పట్టుకొని పీల్చుట యొకటి, ఆకునకు బంక పట్టించుట యొకటి, ఈ రెండు లక్షణములును రెండు మాటలలో ఇమిడియున్నవి. పేరు జ్ఞాపకమున్నచో పురుగును గుర్తించుట సగము తెలిసినట్లే.

ఇది ఒక్క చిక్కుడునకే వచ్చు తెగులు కాదు. పెరటిలో దీనికి నచ్చని మొక్క అరుదు. అయితే మొక్కను బట్టి పురుగు జాతియు, రంగును మాఱుచుండును. చిక్కుడు, అలసంద, అవిసె మొదలగు వానిపై నుండునది మెఱయు నల్లని జాతి. బెండ, వంగ, దోస, గుమ్మడి, మందారములపై నుండునది పసుపు మొదలుకొని ముదురు ఆకుపచ్చవఱకు పలు వన్నెలలో కనబడును. గులాబి మొగ్గల క్రింద లేత పచ్చనివియు, గులాబిరంగువియు కలిసి యుండును. చామంతి కొమ్మలపై ముదురు గోధుమ రంగు పేలు బారులుగా కూర్చుండును. గన్నేరు కొనలను, ఊరి వెలుపలి జిల్లేడును చూడుడు. అచ్చముగా పసుపుకొమ్ము రంగు పేలు నల్లని కాళ్లతో కనబడును. గన్నేరు పాలు, జిల్లేడు పాలు విషమని మన మెఱుగుదుము గదా! ఆ పురుగు ఆ విషమును తన శరీరముననే దాచుకొని, తనను తినవచ్చిన వానికి రుచింపకుండ చేసికొనును. ఆ పసుపు వన్నె యొక హెచ్చరిక.

ఇన్ని రంగులున్నప్పుడు పేనుబంక యని నిశ్చయించుట యెట్లు? పిల్లల చదువుబల్లపై నుండు భూతద్దము నొకదానిని తెచ్చి చూచినచో సందేహము తీరును. పురుగు బేరిపండు ఆకారమున మెత్తగా, వెనుక లావుగా నుండును. వెనుకభాగమున రెండు ప్రక్కలను రెండు సన్నని గొట్టములు కొమ్ములవలె పొడుచుకొని యుండును. ఈ జంట గొట్టములు పేనుబంక ముద్రవంటివి. శత్రువు పైబడినప్పుడు పేను ఈ గొట్టములనుండి యొక ద్రవమును విడుచును. దాని వాసన తగిలినంతనే ప్రక్కనున్న పేలు చెదరిపోవును, కొన్ని క్రిందికి రాలి పడును. మఱియొక గుర్తు, ఆకులపై తెల్లని పొట్టువలె రాలియుండు కుబుసములు. పేను పెద్దదగులోపల నాలుగు సార్లు చర్మము విడుచును గనుక ఈ పొట్టు విస్తారముగా నుండును. దీనిని చూచి బూడిద తెగులని భ్రమపడువారు కలరు. ఊదినచో ఎగిరిపోయిన యెడల అది కుబుసమే.

దీనితో పోల్చి పొరబడదగిన పురుగులు మఱికొన్ని కలవు. మందార కణుపులలో దూదిపింజవలె తెల్లగా నుండునది పిండినల్లి. మొక్కను కదిపినంతనే బూడిద చల్లినట్లు ఎగురునది తెల్లదోమ. ఆకును తాకినంతనే పీతవలె ప్రక్కకు నడచి ఎగిరిపోవునది పచ్చదోమ. మిరపయాకు పైకి దొన్నెవలె ముడుచుకొన్నచో సాధారణముగా అది తామరపురుగుల పని. క్రిందికి ముడుచుకొని తిరుగవేసిన దోనెవలె నున్నచో నల్లి పని. పేనుబంకచే ముడిగిన ఆకు చేతికి జిగురుగా నుండును, విప్పి చూచినచో లోపల సంసారమంతయు కనబడును. ఈ తారతమ్యము తెలియక మందు కొనుటకు పోవుట, రోగమేదో తెలియక వైద్యుని సీసాలన్నియు త్రాగుట వంటిది.

ఇక నది చేయు నష్టమును గూర్చి. పేను ఆకును కొఱుకదు. సూదికన్న సన్నని ముక్కును తీగలోనికి గ్రుచ్చి, మొక్క తనకై వండుకొని వేళ్లకును కాయలకును పంపుకొను తీపి రసమును నడిత్రోవలోనే త్రాగును. ఆ రసములో చక్కెర యధికము, దేహము పెరుగుటకు కావలసిన సారము స్వల్పము. ఆ సారము కొఱకు పేను మితిమీరి త్రాగి, అక్కఱలేని చక్కెరనీటిని వెనుకనుండి విడుచుచుండును. మన వ్రేళ్లకంటిన బంక యిదియే. ఈ బంకమీద గాలిలో తిరుగు బూజు వచ్చి పడి నల్లగా మొలచును. అదియే మసి. చాలమంది మసినే తెగులనుకొని దానికి మందు వెదకుదురు. మసి ఆకు లోపలికి పోదు. పైన ముసుగువలె నుండి ఎండ తగులకుండ చేయును. పేను పోయినచో బంక పోవును, బంక పోయినచో మసికి ఆహారము లేదు. మిగిలిన మసిని తడిగుడ్డతో తుడిచివేయవచ్చును.

పీల్చుటవలన ఆకులు ముడుగును, మొగ్గలు రాలును, కాయలు గిడసబారును. కాని అంతకన్న పెద్ద కీడు వేఱొకటి కలదు. ఒక మొక్కలోని వైరసు వ్యాధిని వేఱొక మొక్కకు చేరవేయుటలో రెక్కల పేనుకు సాటి లేదు. దోస, గుమ్మడి, మిరప ఆకులపై పచ్చని, పసుపుపచ్చని మచ్చలు కలగలిసి గళ్లవలె కనబడు మొజాయిక్ తెగులును, బొప్పాయి కాయలపై ఉంగరములవంటి మచ్చలు వేయు తెగులును, అరటి మొవ్వు పొట్టియై కుచ్చువలె నిలిచిపోవు తెగులును వ్యాపింపజేయునవి పేలే. బొప్పాయి, దోస తెగుళ్ల విషయమున అది ఆకును కొన్ని క్షణములు రుచిచూచిన చాలును, వ్యాధి అంటుకొనును. అందువలన ఏ మందు చల్లినను పేను చచ్చులోపల అంటించవలసిన దానిని అంటించియే యుండును. ఒకసారి వైరసు పట్టిన మొక్కకు చికిత్స లేదు. మొహమాటపడక దానిని పెఱికి దూరముగా పాఱవేయుట తక్కిన మొక్కలకు చేయు మేలు. రెండు కాయలకు ఆశపడి బొప్పాయి చెట్టు నొకదానిని నిలుపుకొన్నచో దొడ్డిలోని నాలుగు చెట్లును పోవును.

వారము దినములలో నింత గుంపు ఎట్లు పుట్టినదను ప్రశ్నకు సమాధానము వింతయైనది. 1740వ సంవత్సరములో జినీవా నగరమున చార్లెస్ బోనె అను ఇరువది యేండ్ల యువకుడు అప్పుడే పుట్టిన పేను నొకదానిని ఒక రెమ్మపై నుంచి, దానిపై గాజుపాత్ర బోర్లించి, మఱి యే పేనును దాని దరి చేరకుండ కాపాడి, ప్రతిదినము గంట గంటకు చూచి వ్రాసికొనెను. మగతోడు ఎఱుగని ఆ పేను పెరిగి పెద్దదై 95 పిల్లలను కనెను. అప్పటి పండితులకు ఇది నమ్మశక్యము కాలేదు. అతడు మఱల మఱల ప్రయోగము చేసి నిరూపించెను. మనవంటి వేడిదేశములలో పెరటి పేలు దాదాపుగా అన్నియు ఆడువియే. అవి గ్రుడ్డు పెట్టవు, పిల్లలనే కనును. అంతేకాదు, పుట్టుచున్న పిల్ల కడుపులో అప్పటికే మనుమరాలు ఏర్పడుచుండును. పుట్టిన పిల్ల అనువైన వాతావరణములో వారము, పది దినములలో తానే తల్లియగును. ఈ లెక్క వేసికొన్నచో సోమవారము చూచి ఉపేక్షించిన పది పేలు మఱుసటి పక్షమునాటికి పాదంతయు ఎందుకు కప్పినవో తెలియగలదు. కొమ్మపై చోటు చాలనప్పుడు, లేక మొక్క ముదిరి రసము తగ్గినప్పుడు, రెక్కల పిల్లలు పుట్టి గాలివాటున వేఱొక పెరటికి పోవును. కావున గోడ యెంత యెత్తుగా కట్టినను, మేడ యెన్ని అంతస్తులున్నను పేను రాకపోదు. హైదరాబాదు, విశాఖపట్టణములలో ఆఱవ అంతస్తు మిద్దెతోటలలోను అది కనబడుటకు కారణ మిదియే.

కాలమును బట్టి చూచినచో, వానలు వెనుకబట్టి మంచు ఆరంభమైన కార్తీకము మొదలు ఫాల్గుణము దాక దీని రాజ్యము. మబ్బుపట్టిన చల్లని దినములు దీనికి పండుగ. పెద్ద వాన కురిసినచో కొట్టుకొనిపోవును. నడివేసవి వడలో తగ్గిపోవును.

చీమల సంగతి చెప్పవలసియున్నది. చీమలు మొక్కను తినుటకు రాలేదు. పేను విడుచు తీపి కొఱకు వచ్చినవి. మనము పాడి ఆవును కాపాడినట్లు అవి పేలను కాపాడును. మీసములతో పేను వీపును తట్టి తీపిచుక్కను రాబట్టుకొనును. పేనును తినవచ్చిన పురుగును కఱచి తఱుమును. కొన్ని జాతుల చీమలు పేలను మోసికొనిపోయి లేత కొమ్మలపై విడుచుటయు కలదు. అందుచేత చీమల రాకను ఆపినచో సగము పని యైనట్లే. గులాబి, నిమ్మ, మందారమువంటి ఒంటి మ్రాను గల మొక్కలకు, మొదలున నొక కాగితపు పట్టీ చుట్టి, దానిపై ఆముదము దట్టముగా పూసి, ఆరినప్పుడెల్ల మఱల పూయుచుండవలెను. ఆముదమును బెరడుపైననే పూయరాదు. కొమ్మలు గోడను, తీగను, ప్రక్క చెట్టును తాకకుండ చూడవలెను. లేనిచో చీమలు ఆ వంతెనమీదుగా వచ్చును. కుండీ క్రింద నీటిపళ్లెము పెట్టుట మంచిదే కాని, ఆ నీటిని రెండు దినముల కొకసారి మార్పకున్నచో దోమలు పుట్టును.

చీమలు పేలకు కాపరులైనట్లు, పేలను తిని మనకు మేలు చేయువారును కలరు. వారిని గుర్తుపట్టకపోవుటవలన జరుగుచున్న నష్టము పేనుబంక చేయు నష్టమునకు తీసిపోదు. మా వీధిలో నొక యిల్లాలు పోయిన మార్గశిరములో నన్ను పిలిచి, "వదినగారూ, పేనుబంక చాలదని చిక్కుడునకు మొసలిపిల్లలవంటి పురుగులు కూడ పట్టినవి. ప్రొద్దుటినుండి ఏఱి ఏఱి నలభై దాక చంపితిని" అని చూపినది. ఆమె నలిపివేసినవి అక్షింతల పురుగు పిల్లలు. నల్లని పొడవైన దేహము, వీపున నారింజరంగు మచ్చలు, ఆఱు కాళ్లు, గరుకైన పోలిక, చూచుటకు భయంకరమే. కాని ఆ పిల్ల యొక్కొక్కటి పెరిగి పెద్దదగులోపల కొన్ని వందల పేలను తినును. పెద్దదైన తరువాత ఎఱ్ఱగానో పసుపుగానో నున్నగా మెఱయుచు, వీపున నల్లని వంకరగీతలతో, బొట్టుబిళ్లవలె అందముగా నుండును. అప్పుడు పిల్లలు దానిని అరచేత నుంచుకొని ముద్దుచేయుదురు. దాని పిల్లను మాత్రము మనము చంపుదుము. ఆ యింట నలభై పిల్లలు పోయిన పిదప రెండు వారములలో పాదంతయు నల్లబడినది. సంక్రాంతికి ఒక్క పూట కూరకైనను కాయ రాలేదు.

అయితే ఇక్కడ నొక చిక్కు కలదు. వంగ, కాకర ఆకులను జల్లెడవలె గీకి తినువాడును అక్షింతల పురుగుల వంశమువాడే, పేరును అదియే. చుట్టమే కాని శత్రువు. మేలుచేయు పురుగు నున్నగా అద్దమువలె మెఱయును. కీడుచేయునది వెలవెలబోయి, సన్నని నూగుతో, రాగిరంగున, వీపుపై 12 కాని 28 కాని నల్లచుక్కలతో నుండును. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒడలంతయు ముండ్ల కొమ్మలతో నుండి ఆకు అడుగున కదలక కూర్చుండును. మంచిదాని పిల్ల పేల గుంపునడుమ చురుకుగా పరుగెత్తుచుండును. ఆకునకు జల్లెడకన్నములు పడియున్నచో ఏఱి చంపుడు. పేలు మాత్రమే యున్నచో దాని జోలికి పోకుడు.

మఱి కొందఱు మిత్రులను గూడ తెలిసికొనవలెను. ఆకు అడుగున వెండ్రుకవంటి కాడపై తెల్లని గ్రుడ్డు నిలిచియున్నచో అది అల్లిక రెక్కల పురుగుది. పేల గుంపులో కాళ్లు లేని, పచ్చని, జలగవంటి చిన్న పురుగు పాకుచున్నచో అది పూలపై గాలిలో నిలిచి ఎగురు సిర్ఫిడ్ ఈగ పిల్ల. కొన్ని పేలు ఉబ్బి, గోధుమవన్నెకు తిరిగి, కదలిక లేక ఆకునకు అంటుకొనియుండును. అవి పేనులోపల గ్రుడ్డు పెట్టు సన్నని కందిరీగ జాతి చేతిలో చచ్చినవి. కొన్నిటికి వీపున గుండ్రని కన్నముండును; లోపలి పిల్ల పెద్దదై ఆ ద్వారమున బయటికి పోయినదన్న మాట. ఇట్టివి పదింటికి రెండు, మూడు కనబడినచో మీరు చేతులు కట్టుకొని ఒక వారము వేచియుండవచ్చును. తోటపని యంతయు చేయుటలోనే లేదు.

వేచియుండరాని స్థితిలో ఏమి చేయవలెను? మొట్టమొదటి మందు చేయి. పేను లేత కొనలను ఆశ్రయించును గనుక, బాగుగా పట్టిన కొనలను గిల్లి సబ్బునీళ్ల గిన్నెలో వేయవలెను. చిక్కుడునకు కొన గిల్లుట హాని కాదు. ప్రక్క కొమ్మలు వచ్చి పూత పెరుగును. రెండవ మందు నీరు. ఉదయమున గొట్టపు నీటిని ఆకుల అడుగుభాగమునకు తగులునట్లు గట్టిగా కొట్టినచో పేలు రాలిపోవును. ముక్కు తెగి రాలిన పేను మఱల పైకెక్కి బ్రదుకుట అరుదు. మూడు నాలుగు దినములు వరుసగా ఇట్లు చేసినచో, చిన్న తోటలో చాల వఱకు వేఱు మందుతో పని యుండదు. సాయంకాలము కాక ఉదయమే చేయుమనుటకు కారణము, పగటి యెండకు ఆకు ఆరి బూజు పట్టకుండుటకే. లేత మొలకలకు మాత్రము నీటిదెబ్బ పనికిరాదు, వానిని తడిగుడ్డతో తుడువవలెను. పూర్వము మన అవ్వలు పొయ్యిలోని కట్టెబూడిదను మంచుతో తడిసియున్న ఆకులపై తెల్లవారుజామున చల్లెడివారు. అది కొంత పని చేయును. కాని నేడు కట్టెపొయ్యి యున్న యింటనే ఆ బూడిద దొరకును, బొగ్గుబూడిదయు చెత్త కాల్చిన బూడిదయు మొక్కకు హితము కావు.

నీటితో లొంగనిచో సబ్బునీరు. లీటరు నీటికి 5 గ్రాముల మెత్తని ఒంటిసబ్బును తురిమి కరగించి, చల్లు సీసాలో పోసి, పురుగు తడియునట్లు కొట్టవలెను. బట్టల పొడి వాడరాదు, అందలి క్షారము లేత ఆకును మాడ్చును. పురుగు ఒంటికి తగిలినప్పుడే సబ్బునీరు పనిచేయును, ఆరిన తరువాత దానికి శక్తి లేదు. ఇది లోపమును కావచ్చును, గుణమును కావచ్చును. తరువాత వచ్చు అక్షింతల పురుగునకు హాని యుండదు గదా! మొదట ఒకటి రెండు ఆకులపై చల్లి, మఱునాడు అవి వాడకున్నచో మొక్కకంతకును చల్లవలెను. గంట రెండు గంటల తరువాత మంచినీటితో కడిగినచో మఱియు మంచిది. సబ్బునకు బదులుగా కుంకుడుకాయ పులుసును పలుచగా చేసి వాడువారును కలరు.

వేప సంగతి వేఱుగా చెప్పవలసినదే. 1962లో ఢిల్లీ ప్రాంతమున మిడుతల దండు దిగినప్పుడు, వేపపప్పు కలిపిన నీటిని చల్లిన పైరును అవి ముట్టలేదని భారతీయ శాస్త్రజ్ఞులు లోకమునకు చూపిరి. దానిలోని ముఖ్యమగు చేదుపదార్థమును 1968లో ఇంగ్లాండున వేఱుచేసి అజాడిరాక్టిన్ అని పేరు పెట్టిరి. ధాన్యపు గాదెలలోను, ఉన్నిబట్టల పెట్టెలలోను వేపాకు వేయు మన ముత్తవ్వలకు పేరు తెలియదు, పని తెలియును.

కషాయము చేయు విధ మిది. జ్యేష్ఠాషాఢములలో రాలిన వేపపండ్లను ఏఱి, గుజ్జు కడిగి, గింజలను నీడను ఎండబెట్టి గాలి తగులు సంచిలో దాచుకొనవలెను. బూజుపట్టినవి పనికిరావు. కావలసినప్పుడు పొట్టు తీసిన పప్పును 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. ప్రొద్దున మూటను పలుమారు పిండినచో నీరు పాలవలె తెల్లబడును. దానిని వడగట్టి, చిటికెడు సబ్బు తురుము కలిపి, ఆనాటి సాయంకాలమే చల్లవలెను. నిలువ యుంచినను, ఎండలో చల్లినను శక్తి తగ్గును. పప్పు దొరకనిచో అంగడిలో అమ్ము వేపనూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలుపవచ్చును. కాని నూనె నీటిలో కలియదు కనుక మొదట నూనెలో కొంచెము సబ్బునీరు వేసి బాగుగా గిలకొట్టి, తరువాత నీరు పోయవలెను. ఇది తెలియక నూనెను నేరుగా నీటిలో పోసి చల్లినచో, పైన తేలిన నూనె ఒక మొక్కపై చిక్కగా పడి ఆకు మాడును. వేప పేనును వెంటనే చంపదు. దానికి తిండి సయింపకుండ చేయును, చర్మము విడువనీయదు. మఱునాడు పేలు కదలుచున్నవని నిరాశపడి వేఱొక మందు కొనవలదు. నాలుగైదు దినములు చూడవలెను. 7 మొదలు 10 దినములకు మఱల నొకసారి చల్లవలెను.

పొగాకు కషాయమును గూర్చి పాత పుస్తకములన్నియు పొగడినవి. అది పేనును చంపుట సత్యము. కాని పొగాకులోని నికోటిన్ మనుష్యులకును తీవ్రమైన విషము. చర్మముద్వారా కూడ లోనికి ఎక్కును. పసిపిల్లలు తిరుగు వంటింట పొగాకు మరిగించిన గిన్నె యుండుటకు నా మనస్సు ఒప్పదు. అదియుగాక పొగాకునుండి మిరప, టమాట, వంగ మొక్కలకు మొజాయిక్ తెగులు అంటవచ్చును. వేప యున్న దేశమున దీనితో మనకేమి పని?

అంగడి మందుల విషయమున మఱింత గట్టిగా చెప్పుదును. 2013 జూలైలో బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లాలోని యొక పల్లె పాఠశాలలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. ఆ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే మన ప్రభుత్వము నిషేధించియుండెను. ఆ తల్లుల దుఃఖమును తలచుకొన్నప్పుడు, నాలుగు చిక్కుడుకాయలకై విషపుసీసాను ఇంటికి తెచ్చుట ఎంత సాహసమో బోధపడును. పొలము గల యిండ్లలో మందు తప్పనిసరిగా నుండును. అట్టియెడల దానిని తాళమువేసిన పెట్టెలో, వంటింటికి దూరముగా నుంచవలెను. మందును నూనెసీసాలోనికి గాని, నీళ్లసీసాలోనికి గాని వంపి యుంచరాదు. ఖాళీ డబ్బాను ఎంత కడిగినను ఉప్పునకో పప్పునకో వాడరాదు. కన్నము పొడిచి పాఱవేయవలెను. మొక్క లోపలికి పోయి పువ్వులోని తేనెలోనికిని చేరు మందులు కూడ కలవు. తేనెటీగలకు హాని యని అట్టి మూడు మందులను ఆరుబయట వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది. గుమ్మడి, దోస, కాకరలకు తేనెటీగ లేనిదే కాయ లేదు.

పేను రాకకు మనమే పీట వేయుటయు కలదు. యూరియాను, వేరుసెనగ పిండి నీటిని అతిగా పోసినచో మొక్క మెత్తగా, లేతగా, రసవంతముగా పెరుగును. మనకు కంటికింపు, పేనునకు నోటికింపు. బలహీనముగా నున్న మొక్కకు పురుగు పట్టునని అందఱును చెప్పుదురు కాని, పేనుబంక విషయమున మితిమీరి బలిసిన మొక్కయే ముందుగా చిక్కును. బాగుగా చివికిన పేడయెరువు కొంచెము కొంచెముగా వేయుట మేలు. చిక్కుడు జాతికి అసలే నత్రజని యెరువు అంతగా అక్కఱలేదు, దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులే గాలినుండి తీసి యిచ్చును.

పాదుప్రక్కన ఒకటి రెండు మళ్లు కొత్తిమీర, సోంపు, ఆవ వేసి, కొన్నిటిని కోయక పూతకు విడువుడు. వాని చిన్ని పూలలోని తేనె త్రాగుటకు సిర్ఫిడ్ ఈగలును, ముందు చెప్పిన సన్నని కందిరీగలును వచ్చి అక్కడనే కాపురముండును. పత్తి రైతులు చేని గట్లపై అలసంద చల్లుట కూడ ఇట్టి యుక్తియే. అలసందపై పేను ముందుగా చేరును, దాని వెంట అక్షింతల పురుగులు పెరిగి పత్తికి కావలియుండును. రెక్కల పేనుకు పసుపురంగుపై మోజు. పాత డబ్బామూతకు పసుపురంగు వేసి, ఆముదము పూసి, మొక్కల యెత్తున వ్రేలాడదీసినచో వచ్చి అంటుకొనును. దీనివలన పేలు నశించిపోవునని చెప్పజాలను. కాని అవి వచ్చిన సంగతి మనకు ముందుగా తెలియును, అదియే దాని ప్రయోజనము. మంచి పురుగులును అంటుకొనుచున్నచో తీసివేయుడు.

వంటింటి మాట యొకటి మిగిలినది. పేలు పట్టిన చిక్కుడుకాయలను, కాబేజీని, కాలీఫ్లవరును పాఱవేయనక్కఱలేదు. పేను మనలను కుట్టదు, దాని వైరసు తెగులు మనకు అంటదు. కాయల తొడిమలను తుంచి, పూకోసును రెమ్మలుగా విడదీసి, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో పావుగంట నానవేసి, చేతితో కలియబెట్టినచో పేలు విడివడి తేలిపోవును. తరువాత రెండుసార్లు ధారనీటిలో కడిగి తఱుగుకొనవలెను. వేపనీరు చల్లిన కాయలను మూడు నాలుగు దినములు ఆగి కోసినచో చేదు వాసన యుండదు.

ఫాల్గుణము ముగిసి ఎండలు ముదిరిన తరువాత, కాపు వెనుకబడిన చిక్కుడు పాదును ఇంకను రెండు కాయలు రాకపోవునా యని పందిరిపై నుంచరాదు. విత్తనమునకై ముందుగానే, పేను లేని కొమ్మమీది నాలుగు మంచి కాయలకు గుడ్డపీలిక కట్టి గుర్తుపెట్టుకొని, అవి పందిరిపైననే ఎండిన పిదప కోసి, తీగను మొదలంట కోసి ఎరువుగుంతలో వేసి పైన మన్ను కప్పవలెను.